ఏడు రోజులు దిగకుండా

దవాఖాన,
6-2-1984

తమ్ముడు హరనాథబాబుకి,

అక్కయ్య దీవెనలు. అమ్మకి దండం పెట్టానని చెప్పు, ఆవిడ వింటే.

పోయిన మంగళవారం డాక్టరుగారు నా ఒంటి మీది మచ్చలన్నీ మళ్ళీ చూసి, పరీక్షల కాగితాలు తిరగేసి, “సుబ్బరత్నమ్మా, నీకు కుష్ఠు తగ్గిపోయింది. ఇంక మందులు వద్దు. ఇంటికి వెళ్ళొచ్చు” అన్నారు. మూడేళ్ళుగా ఈ మాట కోసమే కదరా ఇక్కడ పడి ఉన్నాను! ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు వంగిపోయాయి, అవి ఇక తిన్నగా రావట. రాకపోతే పోనీ. బియ్యం ఏరడానికీ, మిషను కుట్టడానికీ అవేం అడ్డం రావడం లేదు.

పక్క మంచం పోసవ్వ నాకంటే ఎక్కువ సంబరపడింది. “ఇగ నీకేంది బిడ్డా, సామాన్లు సదురుకో” అని నా ట్రంకు పెట్టె తనే లాగి మంచం మీద పెట్టింది. ఆ పెట్టె ఇంకా అక్కడే ఉంది. పడుకునేటప్పుడు కింద పెడుతున్నాను, లేచాక మళ్ళీ పైన పెడుతున్నాను. నన్ను చూసి వార్డంతా నవ్వుతోంది.

అమ్మకి రెండు కార్డులు రాశాను. జవాబు లేదు. చదవడం వచ్చిన మనిషే కదా. కార్డయితే పోస్టుమాన్ చదువుతాడని కోపం వచ్చిందేమో. బీర్కూరులో నా మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నప్పుడు కూడా నేనింత ఎదురుచూడలేదు. ఆయన దారి ఆయనది. కానీ అమ్మ నోరు విప్పకపోతే నేనెక్కడికి పోను? నిజం ఏదైనా సరే, వెంటనే రాయి.

నీ అక్కయ్య,
సుబ్బరత్నం


బాన్సువాడ,
14-2-1984

అక్కయ్యకి నమస్కారం.

నీ ఉత్తరం మిల్లులో, ధాన్యం బస్తాల మీద కూర్చుని చదివాను. ఎగిరి గంతేస్తే గుమాస్తా తిట్టాడు. తిట్టనీ.

అమ్మ నీ కార్డులు రెండూ చదివింది. చదివి దేవుడి పటం వెనక పెట్టింది. అడిగితే “కోతలయ్యాక చూద్దాంలేరా” అంటుంది. నువ్వు రావడానికీ కోతలకీ ఏమిటి సంబంధం అంటే లేచి గేదె దగ్గరికి పోతుంది.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నువ్వు గుడివాడలో మేనమామ ఇంట్లో ఉన్నావని మన క్యాంపంతా చెప్పి ఉంచింది అమ్మ. మూడేళ్ళుగా అదే మాట. మామయ్యకి నీ చేతివంట లేనిదే ముద్ద దిగదట, అందుకే పంపడం లేదట. మనలా కోస్తా నుంచి వచ్చి కాలవ కింద పొలాలు కొనుక్కున్నవాళ్ళే కదా క్యాంపులో అంతా. ఒక ఇంట్లో జబ్బు అంటే ఇంక ఆ గడప తొక్కరని ఆవిడ భయం. ఆవిడ అల్లిన కథ వింటుంటే ఒక్కోసారి నాకే నువ్వు గుడివాడలో ఉన్నావనిపిస్తుంది.

నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదక్కా. ఏదో ఒకటి చెయ్యాలి. కిందటేడు బాన్సువాడకి సైకిలు మనిషి వచ్చాడు, రాశాను కదా. మార్కెట్టు మైదానంలో ఏడు రోజులు సైకిలు దిగకుండా గుండ్రంగా తొక్కాడు. స్నానం, గడ్డం, భోజనం అన్నీ సైకిలు మీదే. మైకులో పాటలు. జనం వరసకట్టి అతని చొక్కాకి నోట్లు గుచ్చారు. పదూళ్ళవాళ్ళు వచ్చారు.

నేనూ తొక్కుతాను. వచ్చిన డబ్బు మీ దవాఖానకి. మైకులో ఏడు రోజులూ ఒకటే మాట చెప్పిస్తాను: కుష్ఠుకి మందు ఉంది, తగ్గుతుంది, మా అక్కకి తగ్గింది అని. అమ్మ ఒక్కదానికి చెబితే వినడం లేదు. పదూళ్ళకి చెబితే ఆవిడా వినక తప్పదు.

అద్దె సైకిళ్ళ కాసింతో మాట్లాడాను. “సైకిల్ నాది, కాళ్ళు నీవి, ఫికర్ ఏంది?” అన్నాడు.

నీ తమ్ముడు,
హరి


దవాఖాన,
20-2-1984

ఒరేయ్ హరీ,

ఈసారి దీవెనలు లేవు. తిట్లే.

నా పేరు మైకులో అరిపిస్తావా? ఎవరినడిగి? అమ్మ నన్ను గుడివాడలో దాచింది, నువ్వు మార్కెట్టు మైదానంలో నిలబెడతానంటున్నావు. ఇద్దరిలో ఒక్కరైనా “అక్కా, నీకెలా కావాలి?” అని అడిగారా? నేను గుడివాడలో ఉన్నానని చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మామయ్య మొహం చూసి పదేళ్ళయింది, ఆయనకి నా చేతివంటట!

నాకు కావలసింది చాలా చిన్నది. మన వాకిట్లో కూర్చుని అమ్మ చేతి పచ్చిపులుసు తినాలి. అంతే. అంత సైకిలు తొక్కే ఓపికే ఉంటే, వచ్చి నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపో.

పోసవ్వకి చదివి వినిపిస్తే “నీ తమ్మునికి పిచ్చి గిట్ల లేచిందా?” అంది. కాసేపటికి తనే “అయినా మంచి పిచ్చే” అంది.

నువ్వు మొండివాడివి, చెబితే ఆగవు. తొక్కుతానంటే మాత్రం దవాఖానకి అని కాదు, చెప్పుల కోసం తొక్కు. ఇక్కడ చాలామందికి పాదాల్లో స్పర్శ ఉండదు. ముల్లు దిగినా, నిప్పు మీద కాలు వేసినా తెలియదు. పుండు పడి, అది ముదిరి, వేళ్ళు పోతాయి. జబ్బు వేళ్ళని తినదురా, తెలియకపోవడం తింటుంది. మెత్తటి రబ్బరు అట్ట వేసిన చెప్పులుంటే పాదం దక్కుతుంది. పోసవ్వ చెప్పులు అరిగి నాలుగు నెలలయింది.

నా పేరు వచ్చిందో, నీతో మాట్లాడను.

అక్కయ్య

తాజాకలం: అడగకూడదు గానీ, ఏడు రోజులు దిగకపోతే ఆ మిగతా పనుల సంగతేమిట్రా?


బాన్సువాడ,
18-3-1984

అక్కయ్యకి,

నీ తిట్లు అందాయి. నీ పేరు రాదు. ఒట్టు. మైకతనికి కూడా చెప్పాను. నువ్వడిగిన మిగతా పనులకి మైదానం మూలన తడికెలు కడతారు. లోపల ఒక గుంజ ఉంటుంది. సైకిలు దానికి ఆనించుకోవచ్చు గానీ కాలు నేల మీద ఆనకూడదు. ఎలాగని మాత్రం అడగకు. కాసిం నేర్పుతున్నాడు, ఇద్దరం చచ్చేట్టు నవ్వుతున్నాం.

ఉగాది వెళ్ళాక 5వ తారీఖు గురువారం మొదలు. గోడల మీద కాగితాలు అంటించాం. “స్పర్శ లేని పాదాలకు చెప్పులు” అని పెద్దక్షరాలు. నీ మాటే. మిల్లు యజమాని సెలవివ్వనన్నాడు, అయితే మానేస్తానన్నాను, ఇచ్చాడు.

రోజూ సాయంత్రం వర్ని రోడ్డు మీద సాధన చేస్తున్నాను. చెరకు బండ్లవాళ్ళు వెనక నుంచి “ఓ పటేలా, యాడికి పోతున్నవ్ గంత జల్ది?” అని కేకలేస్తారు. మొన్న ఒక తమాషా జరిగింది. తొక్కీ తొక్కీ క్యాంపుకి వచ్చి సైకిలు దిగితే ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. అలాగే వాకిలంతా నడిచి, మెట్లెక్కి, లోపలికి వెళ్ళాక అమ్మ చూసి చెప్పింది. “నీ ధ్యాస ఎక్కడుందిరా? రెండో జత ఇది!” అని తిట్టింది. పదూళ్ళకి చెప్పులిప్పించేవాడికి చెప్పులు లేవని కాసిం ఒకటే ఎగతాళి.

అమ్మకి విషయం చెప్పాను. ఎవరి కోసమో అనలేదు, కుష్ఠు రోగుల చెప్పుల కోసం అన్నాను. ఆవిడకి తెలియకపోవడం ఏమిటి! గిన్నెలన్నీ తోమి బోర్లించింది. తర్వాత “క్యారియరు నేనే తెస్తాను, హోటలు తిండి తినకు” అంది.

ఒక్క మాట, అక్కా. ఆ ఏడు రోజులూ నువ్వు మాత్రం బాన్సువాడ వైపు రావద్దు. మళ్ళీ చెబుతున్నాను, రావద్దు. బస్సుకి వేళయింది, ఉంటాను.

హరి


దవాఖాన,
26-3-1984

హరనాథబాబుకి,

రావద్దని రెండుసార్లు రాశావు. ఒకసారి రాసినా అర్థమయ్యేది.

పెట్టె మంచం కిందికి తోసేశాను. ఇక్కడ వంటింట్లో మనిషి కావాలంటున్నారు, చేరతానని చెప్పాను. అమ్మకి పెట్టవలసిన దండాలు ఏమీ లేవు.

జాగ్రత్తగా తొక్కు. మంచినీళ్ళు బాగా తాగు.

సుబ్బరత్నమ్మ


మార్కెట్టు మైదానం, బాన్సువాడ,
8-4-1984, నాలుగో రోజు

అక్కా,

ఈ అక్షరాలు చూసి భయపడకు. సైకిలు మీద కూర్చునే రాస్తున్నాను. హ్యాండిలుకి కాసిం అట్ట కట్టాడు. “ఇప్పుడు మన వీరుడు తొక్కుతూ తొక్కుతూ ఉత్తరం రాస్తాడు” అని మైకులో చెప్పారు. జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా అక్షరం పక్కకి పోతోంది. ఎవరికి రాస్తున్నానో వాళ్ళకేం తెలుసు!

నీ చివరి ఉత్తరం చదివి పిచ్చెత్తింది. నీకు పొగరక్కా. నేను సిగ్గుపడి రావద్దన్నానా? ఏడో రోజు నేను దిగగానే చొక్కా నిండా నోట్లతో, బాజాభజంత్రీలతో, బండి కిరాయికి మాట్లాడుకుని మీ గేటు దగ్గరికి వద్దామని! నువ్వు ముందే వస్తే ఆ సరదా పోతుందని రావద్దన్నాను. చెప్పకుండా వచ్చి నిన్ను ఏడిపిద్దామనుకున్నాను. ఇప్పుడు చెప్పేశాను, చాలా?

పెట్టె మళ్ళీ మంచం మీద పెట్టు. వంటింట్లో చేరనని చెప్పు.

ఇక్కడ బ్రహ్మాండంగా ఉంది. వర్ని నుంచి ట్రాక్టర్ల మీద వస్తున్నారు. నిన్న సైకిలు మీదే తలంటు పోసుకున్నాను, ఆడవాళ్ళంతా నవ్వారు. మైకతను అరగంటకోసారి చెబుతున్నాడు: “మచ్చ కనిపిస్తే దాచుకోకండి. స్పర్శ లేకపోతే సిగ్గుపడకండి. మందు ఉన్నది.” అమ్మ రోజూ రెండు పూటలా క్యారియరు పట్టుకుని ఆ మైకు కిందే నిలబడుతోంది. వింటోంది అక్కా.

నిద్ర మాత్రం చంపుతోంది. కళ్ళలో కారం కొట్టినట్టుంది. ఎడమ పెడలుకి రబ్బరు ఊడిపోయింది, వట్టి ఇనుము, ఈ ఎండకి సలసల కాలుతోందట. ఒట్టికాలితో తొక్కుతున్నా నాకేం అనిపించడం లేదు. ఇవాళ పొద్దున కాసిం కిందికి చూసి “హరన్నా, గా కాలుకెల్లి రక్తం కారుతుంది, నీకు ఎరుక లేదా!” అని అరిచాడు. చూస్తే నిజమే, పెడలంతా రక్తం. మైకతను ఊరుకుంటాడా? “రక్తం కారినా లెక్కచెయ్యని మొనగాడు” అన్నాడు. ఈలలే ఈలలు. కుడికాలు ఒట్టి ఏడుపుగొట్టుది, మూడో రోజునుంచే లబోదిబోమంటోంది. ఎడమకాలే అసలైన మగాడు.

ఇది నిజామాబాదు బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. రేపు మీ గేటు దగ్గర ఇస్తాడు. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

నీ హరి


దవాఖాన,
9-4-1984

హరీ, నాన్నా,

దిగు.

ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే దిగు. డ్రైవరు గేటు దగ్గర నిలబడి హారను కొడుతున్నాడు, గబగబా రాస్తున్నాను.

కోపంతో రాయడం లేదురా. నీ మీద నాకే కోపమూ లేదు. పెట్టె మంచం మీదే ఉంది. కానీ కాలుతున్న ఇనుము మీద చర్మం ఊడుతుంటే తెలియకపోవడం మగతనం కాదు. నాకు తెలుసు అదేమిటో. చెప్పు జారిపోయినా తెలియలేదని రాశావు కదా, ఆ ముక్క చదివి నేను కూడా నవ్వాను. రెండో జత అని అమ్మ అన్న మాట చదివినప్పుడైనా నాకు తట్టలేదు. ఇక్కడ ప్రతివాళ్ళ కథా జారిపోయిన చెప్పుతోనే మొదలవుతుంది.

కాసింని పిలువు. ఒక కోడి ఈక తెమ్మను. కళ్ళు మూసుకో. ముందు కుడి పాదం మీద, తర్వాత ఎడమ పాదం మీద ఈక ఆనించమను. ఆనిన ప్రతిసారీ “ఆఁ” అను. మోకాలి కింద, తొడ వెనక పాలిపోయిన మచ్చ ఏదైనా ఉందేమో చూడమను. అక్కడ చెమట పట్టదు, వెంట్రుకలుండవు.

ఏమీ లేకపోతే నన్ను జీవితమంతా తిట్టుకో. ఉంటే, ఇంకా ఏమీ మించిపోలేదు. నాలాగా నాలుగేళ్ళు పమిట కింద దాచుకోకు.

నా వల్లే వచ్చిందేమోరా. దిగరా.

అక్క


క్యాంపు,
11-4-1984

అక్కయ్యకి,

ఇవాళ ఏడో రోజు. నేను మంచం మీద ఉన్నాను. నిన్ననే దిగిపోయాను.

ఉన్నదున్నట్టు రాస్తాను. నీ ఉత్తరం సోమవారం సాయంత్రం అందింది. నన్ను ఆపడానికి ఎత్తు వేశావనుకున్నాను. “మా అక్కకి భయమెక్కువ” అని కాసింకి చెప్పి, ఇద్దరం తడికెల చాటుకి వెళ్ళాం. సైకిలు గుంజకి ఆనించి కళ్ళు మూసుకున్నాను. కుడి పాదం మీద ఈక ఆనింది, ఆఁ అన్నాను. మళ్ళీ ఆఁ అన్నాను. తర్వాత ఎంతసేపటికీ ఏమీ లేదు. “ఏం కాసిం, ఎడమకాలు మొదలుపెట్టవేం?” అన్నాను. కళ్ళు తెరిచి చూస్తే ఈక నా పాదం మీదే ఉంది. వాడు ఏడుస్తున్నాడు.

మచ్చ కూడా ఉంది. మోకాలి వెనక, అరచేయంత. నా ఒంటి మీద నాకు కనపడని చోటు.

అప్పుడే దిగలేదక్కా. మళ్ళీ మైదానంలోకి తొక్కుకుంటూ వచ్చేశాను. ఇంకెంత, రెండు రోజులే కదా అనుకున్నాను. పూర్తిచేస్తే నెగ్గినవాణ్ణి, పోసవ్వకి చెప్పులు వస్తాయి, నిన్ను బాజాలతో తెస్తాను. దిగితే నేనేమిటి? కాసిం ఎవరికీ చెప్పడు. ఒట్టు కూడా వేశాడు. ఆ సాయంత్రమంతా తొక్కాను. మంగళవారం పొద్దున కూడా తొక్కాను. పెడలు కేసి చూడకుండా తొక్కాను. అరగంటకోసారి ఆ మైకు: “మచ్చ కనిపిస్తే దాచుకోకండి.” ఐదు రోజులూ అందరికీ వినపడాలని పెట్టించిన మైకు. దాని కింద నుంచి ఎన్నిసార్లు తిరగను చెప్పు? పన్నెండు గంటలప్పుడు బ్రేకు వేశాను.

సైకిలు దిగబోయి పక్కకి ఒరిగాను. కాసిం పట్టుకున్నాడు. జనం నవ్వారు, ఎవడో “అయిపాయె, కథ ఖతం” అన్నాడు. మైకు తీసుకుని చెప్పాను. ఎడమకాలికి స్పర్శ లేదు, మచ్చ ఉంది, నాకూ వచ్చింది, మందు వేసుకుంటాను, తగ్గుతుంది అని. నీ పేరు చెప్పలేదు.

మైదానం సగం ఖాళీ అయింది. ఒకాయన నా చొక్కాకి గుచ్చిన తన నోటు తీసుకుందామని వచ్చి, నన్ను ముట్టుకోవాల్సి వస్తుందని ఆలోచించి, ఊరికే వెళ్ళిపోయాడు. అంత ఏడుపులోనూ కాసింకీ నాకూ నవ్వొచ్చింది. తర్వాత మంగ్యా అని తండా అతను దగ్గరికొచ్చాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి “అన్నా, గిది గూడ గదేనా?” అని చూపించాడు. అతని వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. రేపు వాళ్ళనీ దవాఖానకి పొమ్మన్నాను.

ఇప్పుడు అమ్మ. క్యారియరుతో అక్కడే ఉంది కదా. తిన్నగా నా దగ్గరికి నడిచి వచ్చింది. నేల మీద కూర్చుని నా ఎడమ పాదం ఒడిలో పెట్టుకుంది. తాగడానికి తెచ్చిన నీళ్ళు పోసి, పమిట కొంగుతో తుడిచింది. క్యాంపువాళ్ళంతా చూస్తున్నారు. ఎవరినీ లెక్కచెయ్యలేదు. నాకు ఆ క్షణంలో నువ్వే గుర్తొచ్చావు. నీకు రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే అది ఇంకో గుడివాడ అవుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక “అక్కకి రాయి” అంది. ఏమని అన్నాను. “రమ్మని రాయి” అంది. గేదెకి గడ్డి వేసి వచ్చి, “చీకటి పడ్డాక వచ్చే బస్సుకి రమ్మని రాయి” అంది.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను.

నీ తమ్ముడు,
హరి


దవాఖాన,
13-4-1984

అమ్మకి,

తమ్ముడికి రాయవలసిన జవాబు నీకు రాస్తున్నాను. ఇది కూడా పటం వెనక పెట్టకు. పెట్టినా చదివి పెట్టు.

ముందు హరి సంగతి. డాక్టరుగారితో మాట్లాడాను. జబ్బు తొలిదశలోనే బయటపడినట్టుంది, మందులు వేసుకుంటూ ఇంట్లోనే ఉండొచ్చు అన్నారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పలేమన్నారు. ఆ మాట నేను నాలుగుసార్లు అడిగి చెప్పించుకున్నాను. వాడి కంచం వేరు పెట్టొద్దు. పాదం పుండు మానేదాకా నేల మీద ఆననివ్వొద్దు. వాణ్ణి సోమవారం నేనే ఇక్కడికి తీసుకొచ్చి చూపిస్తాను. వాడు ఒకచోట కుదురుగా ఉండడు, నీకు తెలుసుగా. మంచానికి కట్టెయ్యి.

పోసవ్వకి చెప్పులు వచ్చేలాగే ఉన్నాయి. చొక్కాకి ఉన్న నోట్లు చాలకపోతే కాసిం తన సైకిళ్ళ ఒకరోజు కిరాయి ఇస్తానని కబురు పంపాడు.

నువ్వు వాడి పాదం ఒడిలో పెట్టుకున్నావని చదివాను. మంచి పని చేశావు. చదివి నేను వంటింటి వెనక్కి పోయి ఏడ్చాను. వాడి కోసం కొంత, మిగతాది నా కోసం. మూడేళ్ళ కిందట నన్ను ఇక్కడ దించిన రోజు నువ్వు బస్సు మెట్టు మీదే నిలబడ్డావు. పెట్టె అందించావు. నా చెయ్యి తగలకుండా అందించావు. నేను చూడలేదనుకున్నావు కాబోలు.

చీకటి పడ్డాక వచ్చే బస్సుకి నేను రాను.

ఆదివారం పొద్దున పది గంటల బస్సుకి వస్తున్నాను. అప్పుడు క్యాంపు హోటలు ముందు అందరూ టీ తాగుతూ ఉంటారు. బస్సు అక్కడే ఆగుతుంది. నువ్వు రావాలి. హరిని పంపకు, వాడి కాలు బాగోలేదు. ఎవరైనా “అమ్మాయి గుడివాడ నుంచి వచ్చిందా?” అని అడిగితే, ఎక్కణ్ణుంచి వచ్చానో నువ్వే చెప్పాలి.

నా పెట్టె నేనే దించుకుంటాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని దించు. కుడి చెయ్యి చాపను అమ్మా, వేళ్ళు వంగిన ఎడమదే చాపుతాను.

నువ్వు పట్టుకుంటే దిగుతాను. లేకపోతే అదే బస్సులో బాన్సువాడ దాకా పోయి, తిరుగు బస్సెక్కుతాను.

పచ్చిపులుసు చేసి ఉంచు.

నీ కూతురు,
సుబ్బరత్నం